సాగని బట్ట

జూన్ 3

కోడలికి ఒంట్లో బాగాలేదు. జ్వరం, దగ్గు లాంటివి కావు. పొద్దున గదిలోంచి వాళ్ళ అమ్మతో ఫోన్లో చెబుతుంటే వినబడింది. నేను వినలేదు, వినబడింది. రెండింటికీ తేడా ఉంది.

పాలిచ్చే తల్లుల కోసం ప్రత్యేకంగా ఒక లోదుస్తు కుడతారట. కొక్కెం తీస్తే ముందువైపు రెక్క కిందికి దిగుతుందట. అది వేసుకున్న దగ్గర్నుంచీ ఒంటిమీద దద్దుర్లు, దురద, మంట. బిడ్డ నోరు పెడితే ప్రాణం పోతోందమ్మా అంటోంది. వాళ్ళ అమ్మ మోకాలికి ఆపరేషన్ అయి మంచం మీద ఉంది, లేకపోతే ఆమే వచ్చి చూసుకునేది. మా ఇంటావిడ వీళ్ళ పెళ్ళి చూడకుండానే పోయింది. అబ్బాయి ఎక్కడో నది మీద వంతెన కట్టే పనిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది కోడలు, మనవరాలు బుజ్జి, నేను.

ఆ లోదుస్తు పేరు రాద్దామంటే కలం కదలడం లేదు. 'అది' అంటాను.

నాది బట్టల కొట్టు. అంచు నలిపి చూసి ఏ మిల్లు సరుకో చెప్పగలనని బజారంతా అంటుంది. అలాంటిది నా ఇంట్లోనే ఒక మనిషి పడని బట్ట వేసుకుని బాధపడుతుంటే, పక్క గదిలో కూర్చుని పేపర్లో పాత ఇనుము కొంటామన్న ప్రకటనే మళ్ళీ మళ్ళీ చదివాను.

జూన్ 4

'అది' దండెం మీద ఆరేసి ఉంది. నేను చూడలేదు. కాని ఆరేసిన కాసేపటికే కోడలు తీసేసుకుంది. అంత తొందరగా ఆరేది నైలాన్ ఒక్కటే. చెమట పీల్చదు, గాలి చొరనివ్వదు. పైగా చుట్టూ లేసు అంచు ఒకటి.

లేసు అంచు సంగతి నాకెలా తెలిసిందంటే, తెలిసింది. అంతే.

సాయంత్రం అబ్బాయికి ఫోన్ చేశాను. నీ భార్యకు బట్ట పడటం లేదురా అన్నాను. ఏ బట్ట నాన్నా అన్నాడు. లోపలి బట్ట అన్నాను. పరుపు లోపలిదా అన్నాడు. కాదురా, ఇంకా లోపల అన్నాను. అంతలో ఫోన్ కట్టయింది. అక్కడ ఎప్పుడూ సిగ్నల్ ఉండదు. కొన్నిసార్లు అదీ మంచికే.

జూన్ 5

మా కోడలు రేడియోలో వార్తలు చదువుతుంది. ఇప్పుడు సెలవులో ఉంది గాని, మామూలు రోజుల్లో ఊరంతా ఆమె గొంతుతోనే నిద్ర లేస్తుంది. నేనూ అంతే. వరదలు, ఎన్నికలు, బియ్యం ధర, అన్నీ ఆమె నోట విన్నవే. ఇంట్లో మాత్రం "టీ పెట్టమంటారా", "పెట్టమ్మా" దాటి మా మధ్య మాట సాగదు. గొడవలేమీ లేవు. ఆమెకు నేనంటే మర్యాద, నాకు ఆమె అంటే మర్యాద. ఇద్దరి మర్యాదా కలిసి ఇంటికి గోనెసంచీలా మూతి బిగించేశాయి.

ఈ రోజు బుజ్జికి పాలిస్తూ ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. బుజ్జి ముందు ఆపింది.

జూన్ 6

ఈ వేళ నాకు బంగారంలాంటి ఆలోచన తట్టింది.

బుజ్జిని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. కోడలు అవతల గుడ్డలు మడతపెడుతోంది. నేను బుజ్జితోనే మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాను. చూడు బుజ్జీ, నైలాన్ అనేది నూలు కాదమ్మా, అది ప్లాస్టిక్‌కు పినతల్లి కూతురు, వేడి వస్తే లోపలే దాచుకుంటుంది, లేత చర్మానికి అస్సలు పడదు, నూలు బట్ట అలా కాదు, తల్లిలాంటిది... ఇలా చాలా చెప్పాను. బుజ్జి శ్రద్ధగా విని, చివర్లో కక్కింది.

కోడలు తలెత్తకుండానే అంది.

"బుజ్జీ, అమ్మకి వినబడుతోందని తాతయ్యకి చెప్పు."

దొరికిపోయాను. అయినా వదల్లేదు.

"మన కొట్టులో మంచి బట్ట ఉంది, కుట్టిస్తానని అమ్మతో చెప్పు బుజ్జీ."

ఇంకో రెండు గుడ్డలు మడతపెట్టి, "సరేనని చెప్పు" అంది.

జూన్ 7

కొట్టు తెరిచిన దగ్గర్నుంచీ ఇదే పని. పాప్లిన్ తీశాను, గరుకు. లినెన్ తీశాను. పది ఉతుకులు పడితేగాని దాని పొగరు దిగదు. సాటిన్ ముట్టుకోలేదు, దాని మెరుపే నాకు గిట్టదు. ఆఖరికి పై అరలో పెట్టిన మల్లు దించాను. పలచటి నూలు బట్ట. చేతిలో పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు. ఇంతకంటే మెత్తన ఇంకేముంటుంది?

ఊరికే నమ్మడం నా పద్ధతి కాదు. ఒక ముక్క కోసి, చొక్కా లోపల ఛాతీ చుట్టూ కట్టుకుని గల్లా దగ్గర కూర్చున్నాను. దురద లేదు, మంట లేదు. నాకు పాలు రావు గనక ఆ ఒక్క పరీక్షా మిగిలిపోయిందే అనుకుంటుండగా చేతిలోని టీ ఛాతీ మీద ఒలికింది. బట్ట చక్కగా పీల్చుకుంది. ఆ పరీక్షా అయిపోయింది.

సాయంత్రం దాకా ఛాతీ తడిగా, చల్లగా ఉంది. ఈ ఎండలకు అది హాయే.

జూన్ 8

మా కొట్టు మెట్ల కింద మిషన్ పెట్టుకుని కుట్టే టైలరమ్మ ఉంది. ఆమెకు చెప్పడం నా జీవితంలోకెల్లా కష్టమైన బేరం. గుండ్రంగా ఉండాలి, కొక్కెం ఉండాలి, రెక్క దిగాలి అని చేతులు తిప్పుతూ చెప్పాను. చిలక పంజరమా అండీ అని అడిగింది. ఇంట్లో బాలింత ఉంది అన్నాను. అప్పుడు అర్థమై, నవ్వు దాచుకోవడానికి కాసేపు దారం రీలు వెతికింది.

కొలతల మాట వచ్చేసరికి నేను రోడ్డు మీది లారీలు చూశాను. తనే ఇంటికి వెళ్ళి తీసుకుంటానంది. మనిషి మంచిది గాని ఒక్కటే సణుగుడు. నేత బట్ట సాగదండీ, దీనికి హోజరీ బట్ట తేండి, బనియన్ బట్ట అని.

హోజరీ! అల్లిన బట్ట కూడా ఒక బట్టేనా? ఒక పోగు తెగిందంటే సంసారం మొత్తం ఊడిపోతుంది. పడుగు, పేక ఉన్నదే బట్ట. ఎంత లాగినా తన కొలత తను తప్పదు. అదీ క్రమశిక్షణ. ఆమెకు ఇదంతా చెప్పాను. మీ ఇష్టం అండీ అంది.

జూన్ 10

కుట్టి ఇచ్చింది. కాగితంలో చుట్టి, బుజ్జి ఊయల మీద పెట్టి వచ్చాను. మధ్యాహ్నం బుజ్జి ద్వారా కబురు. బాగుందని చెప్పు, తాతయ్యకి థాంక్స్ చెప్పు.

కోడలి మొహం కొంచెం బిగుసుకుని ఉంది. సంతోషం అయుంటుంది. కొందరికి సంతోషం వస్తే అలాగే ఉంటుంది.

జూన్ 11

ఇంట్లో అంతా నిమ్మళం. బట్ట ఎంపిక చేయడం ఒక విద్య.

జూన్ 12

కోడలు మాట్లాడటం లేదు. బుజ్జితో కూడా. విశ్రాంతి తీసుకుంటోందనుకుంటాను.

జూన్ 13

మూలిగింది. బుజ్జి అయుంటుంది.

బుజ్జి కాదు.

జూన్ 14

తెల్లవారి నేను పళ్ళు తోముకుంటుంటే కోడలు వచ్చి నిలబడింది. దుప్పటి కప్పుకుని వణుకుతోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"మామయ్యగారూ" అంది. మధ్యలో బుజ్జి లేదు.

"జ్వరం వచ్చింది. ఒక పక్క రాయిలా గడ్డ కట్టింది. మీ బట్ట సాగదు మామయ్యగారూ. పొద్దున నిద్ర లేచేసరికి నాకొక కొలత, బుజ్జి తాగాక ఇంకో కొలత. మీ బట్టకు ఒకటే కొలత. తడిస్తే ఆరదు, తడిగానే ఒంటికి అంటుకుని ఉంటుంది. ఒళ్ళు ఒరుసుకుపోయింది."

ఆ చివరి ముక్క కూడా వార్తలు చదివినట్టే చెప్పింది, ఒక్క అక్షరం తడబడకుండా. వరదల్లో ఊళ్ళు మునిగినప్పుడు కూడా అలాగే చదివింది.

ముందే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"మీరు అంత ఇష్టంగా కుట్టించారు. ఎలా చెప్పను?"

నోట్లో నురగతోనే టాక్సీ పిలిచాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తెర లాగి లోపల చూస్తోంది. నేను బుజ్జిని ఎత్తుకుని తెరకు ఇవతల ఉన్నాను. తెర పాలియెస్టర్, నాసిరకం. దాని వైపే చూస్తున్నాను. పాలు గడ్డకట్టి వాపు వచ్చింది, భయం లేదు, మందులిస్తాను, బిడ్డకు పాలివ్వడం మాత్రం ఆపొద్దు అని చెబుతోంది. ఆ తర్వాత గొంతు పెంచింది. ఇంత బిగుతుగా, ఇంత తడిగా ఏమిటమ్మా ఇది, ఎవరు కుట్టారు అని.

కోడలు తడుముకోకుండా, "బయట కొన్నానండీ" అంది.

ఊరుకుంటే అది ఆ మాటతోనే పోయేది. నేను ఊరుకోవాలనే అనుకున్నాను. నోరే ఊరుకోలేదు.

"నా కొట్టులో బట్టేనండీ. నేనే కుట్టించాను" అన్నాను తెరతో.

తెర అవతలి నుంచి డాక్టరమ్మ, సరే, ఈసారి సాగేది కుట్టించండి తాతగారూ అంది.

జూన్ 15

బుజ్జి తాగింది. కోడలు పళ్ళు బిగబట్టుకుని ఇచ్చింది. నేను వేడినీళ్ళు కాచి, గుడ్డలు ముంచి గుమ్మం దగ్గర పెట్టి వస్తున్నాను. కొట్టు తెరవలేదు. తెరవాలనిపించలేదు. ఎండ ఎక్కువగా ఉండటం వల్ల.

జూన్ 17

జ్వరం తగ్గింది. గడ్డ మెత్తబడిందని కోడలు చెప్పింది. నాకే చెప్పింది, సూటిగా. ఎటు చూడాలో తెలియక గడియారం వైపు చూశాను. అది ఆగిపోయి చాలా కాలమైందట, ఆ ముక్క కూడా కోడలే చెప్పింది.

ఎలాంటి బట్ట కావాలో నువ్వే చెప్పమ్మా అన్నాను. కొట్టుకు వచ్చిన వాళ్ళను అడిగినట్టే అడిగాను. అలా అయితేనే నా నోరు పెగులుతుంది. సాగాలి, సాగి మళ్ళీ తన చోటికి రావాలి. లోపలివైపు మెత్తగా ఉండాలి. మధ్యలో కుట్టు రాకూడదు. తీగ, లేసు వద్దు. తడిస్తే మార్చుకునే వీలుండాలి. ఆమె ఇవన్నీ చెబుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. పోయినసారి నేను బట్టను అడిగాను గాని మనిషిని అడగలేదు.

కొట్టుకు వెళ్ళి నా అరల్లో వెతికాను. పైనుంచి కింది దాకా అంతా క్రమశిక్షణే. సాగేది ఒక్కటి లేదు.

జూన్ 18

మా కొట్టుకు ఎదురుగా రోడ్డు అవతల బనియన్ల కొట్టు. అందులో అంతా హోజరీయే. దాని యజమానికి, నాకు మాటల్లేవు. అతని సరుకు బట్ట కాదని నేను గిరాకీలతో అంటానట. నాది బట్ట కాదు అట్ట అని అతనంటాడు. నేనన్న మాట నిజమే. అతనన్నదీ... సరే.

ఈ రోజు రోడ్డు దాటాను.

కొట్టు నిండా జనం. నన్ను చూసి అతను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. మెత్తటి, సాగే బట్ట కావాలన్నాను. బనియనా అన్నాడు. కాదన్నాను. పిల్లల టోపీకా అన్నాడు. కాదు, పాలిచ్చే తల్లులకు... అంటూ ఆగాను. దుప్పటా అన్నాడు. అతనికి తెలుసు. కళ్ళలో కనబడుతోంది. ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నాడు.

బుజ్జి తాగుతున్నప్పుడు కోడలి పళ్ళ బిగువు గుర్తొచ్చింది.

"బ్రా. మా కోడలికి నర్సింగ్ బ్రా కుట్టించాలి. దానికి బట్ట చూపించు" అన్నాను, మామూలు గొంతుతోనే. నా మామూలు గొంతు కాస్త పెద్దది.

కొట్టంతా నా వైపు తిరిగింది. ఆకాశం మాత్రం ఊడిపడలేదు. ఒక పెద్దావిడ నా పక్కకు జరిగి, మా అమ్మాయికీ అదే చూస్తున్నాను బాబూ, లోపల కుట్టు రాకుండా చూసుకోండి అంది. అతను కూడా వెక్కిరింత మరిచిపోయి బట్ట చుట్టలు దించాడు.

ఒకటి లాగితే సాగింది గాని, అలిగిన అల్లుడిలా తిరిగి రాలేదు. పక్కన పెట్టాను. ఇంకొకటి తిరిగి వచ్చింది గాని, అరచేతికి వేడి కొట్టింది. పైనుంచి నూలులా కనబడుతుంది, లోపలంతా పాలియెస్టరే. చెప్పాను. అతను ఒప్పుకోక, లేబులు చదివి ఒప్పుకున్నాడు. చివరకు నూటికి తొంభై పైన నూలే ఉండి, రవ్వంత ఎలాస్టిక్ పోగు కలిసినది ఒకటి, వెదురు గుజ్జుతో చేసినది ఒకటి ముక్కలు కోయించుకున్నాను. అతను డబ్బు తీసుకోలేదు. బిడ్డ ఆడా మగా అని అడిగాడు. ఆడపిల్ల అన్నాను. మంచి బట్ట కట్టు అన్నాడు.

జూన్ 19

బల్ల మీద ముక్కలు పరిచి కోడలు, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. వాటిని ముందు ఉతికి ఆరేశాం. ఉతక్కుండా ఏ బట్టనూ నమ్మకూడదు. ఆ మాట నేనన్నాను. మరి మల్లు ఉతికి చూశారా అని ఆమె అడిగింది. కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పకపోవడమే పెద్దరికం.

వెదురుది చేతికి వెన్న. నేను దానికే ఓటు వేశాను. ఆమె చేతికి చుట్టుకుని, తడిపి, అలాగే ఇల్లంతా తిరిగింది. తడిస్తే బరువెక్కి జారుతోంది, నిలవదు, వద్దంది. ఈ ముక్క సంగతే కావచ్చు, ఇంకో చోట మంచిది దొరకొచ్చు అని వాదించాను. మీరు వేసుకుంటారా నేను వేసుకోవాలా అంది.

నూలు హోజరీ ఖాయమైంది. తడి సంగతేమిటని టైలరమ్మను పిలిచాం. లోపల చిన్న అర పెడతాను, గుండ్రంగా మడతల గుడ్డ పెట్టుకుని తడవగానే మార్చుకోవచ్చంది. ఆ గుడ్డ ఏ బట్టతో అని వాళ్ళిద్దరూ ఆలోచిస్తుంటే నేను బల్ల మీది ముక్కలు మడతపెట్టాను. కోడలే అంది, మామయ్యగారి మల్లు పీల్చుకోవడంలో మొనగాడు కదా అని.

నేను లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

జూన్ 22

కోడలు కొత్తది వేసుకుంది. సాయంత్రం దాకా నేను అడగలేదు. బుజ్జి తాగి, ఆ నిండు కడుపుతో అలాగే నిద్రపోయింది. కోడలు బయటికి వచ్చి, బాగుంది అంది.

"నిజంగా బాగుందా, నా మల్లు బాగున్నట్టు బాగుందా?"

కోడలు నవ్వింది. ఆ నవ్వు రేడియోలో ఎప్పుడూ రాలేదు.

జూన్ 26

నోరు తెరిపించడం తేలికే, మూయించడమే కష్టం. మా కోడలు సూటిగా మాట్లాడటం నేర్చుకున్న దగ్గర్నుంచీ నాకు తెలిసిన విషయాలు: కూరలో నేను ఉప్పు రెండుసార్లు వేస్తాను. హాలులో కర్టెన్లు ఆసుపత్రి దుప్పట్లలా ఉన్నాయి. నా దగ్గు విని పాలవాడు బెదిరిపోయాడు. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

కర్టెన్లు మా కొట్టువే. ఆ సంగతి చెప్పాను. తెలుసు అంది.

జూన్ 29

అబ్బాయి సెలవు మీద వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి మేమిద్దరం గట్టిగా వాదించుకుంటున్నాం. రెండో జతకు ఎలాస్టిక్ ఇంకాస్త ఎక్కువున్న బట్ట వాడాలని ఆమె, వద్దని నేను. వాడు సంచీ కింద పడేసి మా మధ్యకు వచ్చాడు. ఏమైంది, నాన్న ఏమన్నాడు, నువ్వేమన్నావు అని ఒకటే కంగారు. పాపం, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మాటలూ మోసిన కూలీ వాడే.

"నువ్వుండరా" అన్నాను.

"మీరుండండి" అని కోడలూ అంది.

వాడు బుజ్జిని ఎత్తుకుని వరండాలో కూర్చున్నాడు. ఈ ఇంట్లో ఏం జరుగుతోందే అని దాన్ని అడుగుతున్నాడు.

జూలై 8

అబ్బాయి వంతెనకు వెళ్ళిపోయాడు. కోడలు రేపటి నుంచి డ్యూటీకి. పాలు సీసాల్లో తీసిపెట్టే విధానం, వేడిచేసే విధానం నాకు నేర్పింది. నాకు తెలుసు అన్నాను. మళ్ళీ నేర్పింది. స్టూడియోలో ఏసీ, వార్తల మధ్యలో బట్ట సర్దుకునే వీలుండదు. కొత్త జత వేసుకుని, కుర్చీలో కూర్చుని, అద్దం ముందు పాత వార్తలు గట్టిగా చదివి చూసుకుంది. ఎక్కడా లాగలేదట.

రేపటి నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కర్టెన్ల గురించి, ఉప్పు గురించి ఒక మాట వినబడదు. నాకు కావలసింది అదే.

జూలై 9

పొద్దున రేడియో పెట్టాను. వార్తలు చదువుతున్నది... అని ఆమె గొంతు రాగానే బుజ్జి మెడ తిప్పి రేడియో వైపు నోరు తెరిచింది. వాతావరణం దాకా ఓపిక పట్టి, తర్వాత ఏడుపు. సీసా ఇస్తే తాగింది గాని, మధ్య మధ్యలో రేడియోను కోపంగా చూసింది.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. చాలా ప్రశాంతంగా ఉంది.

జూలై 10

బుజ్జిని తీసుకుని కొట్టుకు వచ్చేశాను. ఇంట్లో గాలి సరిగా ఆడటం లేదు.

బనియన్ల ఆయన రోడ్డు దాటి వచ్చి బుజ్జిని చూసి వెళ్ళాడు. ఒక చిన్న బనియను ఇచ్చాడు. మెత్తగానే ఉంది.

మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసింది. బుజ్జి బాగుందని చెప్పాను. అది అడగడానికి కాదట. ఊరికే చేసిందట. గిరాకీలు వచ్చి నిలబడ్డారు. కూర్చోమని చెయ్యి చూపించి, మాట్లాడుతూనే ఉన్నాను.